నెట్ లేకపోయినా వైఫై పనిచేస్తుంది: హాస్టల్ కంప్యూటర్ తాళం తీయమని అడుగుదాం



పోస్ట్ పెద్దదే. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాళ్లు, ఈ ఏడాది ఇంటర్ అయిపోయి హాస్టల్‌కి రాబోయేవాళ్లు కొంచెం ఓపిక చేసుకుని చదవండి. ఇప్పుడు టైం లేకపోతే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, నెట్ లేనప్పుడు చదువుకోవచ్చు.

మేము అడిగేది ఒక్కటే. కంప్యూటర్ ఒకటి, వైఫై డబ్బా ఒకటి ఉన్న ప్రతి హాస్టల్లో ఆ కంప్యూటర్లోని చదువు ఫైళ్లు పిల్లలందరి ఫోన్లలో తెరుచుకోవాలి. ఎవరి మంచం మీద వాళ్లు కూర్చుని, రూపాయి డాటా ఖర్చు లేకుండా. దీనికి కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. ఉన్న గదికి తాళం తియ్యాలి. ఆ తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్నదాని మీదే మా వాదనంతా.

ముందు మా పరిస్థితి చెప్తాం. మాది పాడేరు ఏజెన్సీలో ఒక డిగ్రీ హాస్టల్. పేరు రాయడం లేదు, ఎందుకో మీకు తెలుసు. మాలో ఎక్కువమంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి మేమే. సెమిస్టర్ అంటే ఏటి, క్రెడిట్ అంటే ఏటి, ప్రశ్నపత్రం ఎలా వస్తాది అని ఇంటికి ఫోన్ చేసి అడిగే వీలు లేదు. అడగాలంటే హాస్టల్లో సీనియర్లే. ఆ సీనియర్ మూడో ఏడాది అయ్యాక పెట్టె సర్దుకుని వెళ్లిపోతే, అతను రాసుకున్న నోట్సు, పోగేసిన పాత పేపర్లు, అన్నీ అతని ఫోన్‌తోనే వెళ్లిపోతాయి. ఆ ఫోన్ గెడ్డలో పడితే గెడ్డలోనే పోతాయి. కొత్తగా వచ్చినవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఏటా ఇదే.

మా ఆఫీసు గదిలో ఒక కంప్యూటర్ ఉంది. గోడకి వైఫై రౌటర్ ఉంది. నెట్ లైను ఉంది, వానాకాలంలో చెట్టు పడితే నాలుగైదు రోజులు ఉండదు. గది సాయంత్రం ఐదుకి తాళం పడిపోతుంది. మేము కాలేజీ నుంచి వచ్చేసరికి ఐదున్నర.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి చెప్పాలి. ఫోన్లో వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం కనిపించగానే "వైఫై పోయిందిరా" అని ఆపేస్తారు. పోయింది వైఫై కాదు, బయటి నెట్. రౌటర్ చేసే పనులు రెండు. ఒకటి, బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్‌ని అందరికీ పంచడం. రెండోది, తన చుట్టూ ఉన్న ఫోన్లని, కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలపడం. మొదటిది ఆగిపోయినా రెండోది ఆగదు. మన ఊళ్లలో కొండ ఊట నుంచి వచ్చే పైపు తెగినా, ట్యాంకులో నీళ్లున్నంతసేపు కుళాయిలు పారతాయి కదా. అలాగే. కంప్యూటర్లో ఉన్న ఫైలు మీ ఫోన్‌కి రావడానికి అది విశాఖపట్నం వెళ్లి రానక్కర్లేదు. ఆఫీసు గది నుంచి మీ రూము దాకా వస్తే చాలు.

ఇలా ఒక కంప్యూటర్లోని ఫోల్డర్‌ని పక్కన ఉన్న మెషిన్లు తెరవడానికి వాడే పద్ధతి పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది, తర్వాత విండోస్‌లో భాగమైపోయింది. ఆఫీసుల్లో ఒక కంప్యూటర్ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరుస్తారే, అదే. ఫోన్ కూడా చిన్న కంప్యూటరే కాబట్టి ఫోన్లోనూ తెరుచుకుంటుంది. మనకి ఎవరూ చెప్పలేదు, అంతే తేడా.

మా హాస్టల్లో ఇది ఒక ఆదివారం పెట్టుకున్నాం. కంప్యూటర్స్ గ్రూపు చదువుతున్న ఒక అన్న ముందుండి చేశాడు. సారు ఆ రోజు మంచి మూడ్‌లో ఉండి గది తెరిచారు. ఎలా చేశామో వివరంగా రాస్తున్నాం, మీ దగ్గర పనికొస్తుంది.

కంప్యూటర్లో "చదువు" అని ఒక ఫోల్డర్ చేశాం. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్. పంచుకునేటప్పుడు అనుమతి "రీడ్" అని మాత్రమే ఇచ్చాం. అంటే అందరూ చదవొచ్చు, కాపీ చేసుకోవచ్చు, ఎవరూ చెరపలేరు. దీని కోసం కంప్యూటర్లో విడిగా ఒక యూజర్ అకౌంట్ తయారుచేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టాం. సారు వాడే అకౌంట్ పాస్‌వర్డ్ పిల్లలకి ఇవ్వమనడం తప్పు, ఆయన ఇవ్వరు కూడా. పాస్‌వర్డ్ లేకుండా వదిలేద్దాం అంటే ఇప్పటి విండోస్ చాలావరకు ఒప్పుకోదు. ఇంకో సంగతి, కంప్యూటర్ తెరవడానికి నాలుగంకెల పిన్ వాడుతుంటే ఆ పిన్ ఫోన్ నుంచి పనిచెయ్యదు. అసలు పాస్‌వర్డే కావాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్. విండోస్ కొత్త వైఫైని "పబ్లిక్" అని పెట్టుకుంటుంది, అంటే బస్టాండ్లో ఉన్నట్టు ఎవరికీ కనపడకుండా దాక్కుంటుంది. దాన్ని "ప్రైవేట్" చెయ్యాలి. అప్పుడే ఫోన్లకి దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే కంప్యూటర్ నంబర్ వస్తుంది. మాది 192.168.1.10. ఇలా 192.168తో మొదలయ్యే నంబర్లు లోపల వాడుకోవడానికే కేటాయించినవి, బయటి ఇంటర్నెట్‌లో ఇవి తిరగవు. మీ హాస్టల్లోనూ అదే నంబర్ ఉండొచ్చు, గొడవేం లేదు. కాకపోతే రౌటర్ ఈ నంబర్ని అప్పుడప్పుడు మార్చేస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఈ కంప్యూటర్‌కి ఈ నంబరే ఇవ్వు అని ఒకసారి కట్టేస్తే మళ్లీ మారదు. ఆ నంబర్ని కాగితం మీద రాసి మెస్ గోడకి అంటించాం.

ఫోన్ వైపు పని ఇంకా తేలిక. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల ఫైల్స్ యాప్‌తో ఇది రాదు. సీఎక్స్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ గానీ, మెటీరియల్ ఫైల్స్ గానీ వేసుకోవాలి. రెండూ ఉచితమే. అందులో నెట్‌వర్క్ అనే చోట ఎస్ఎంబీ ఎంచుకుని, కంప్యూటర్ నంబర్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఐఫోన్ ఉన్న దొరబాబులు ఎవరైనా ఉంటే, వాళ్లకి 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లోనే "కనెక్ట్ టు సర్వర్" ఉంది. వీడియో పాఠాలైతే వీఎల్‌సీ యాప్‌లో లోకల్ నెట్‌వర్క్ కింద నేరుగా చూడొచ్చు. ఫోన్లోకి కాపీ కూడా అక్కర్లేదు. 32 జీబీ ఫోన్ నిండిపోయి "స్టోరేజ్ ఫుల్" అని ఏడ్చేవాళ్లకి ఈ ఒక్కటి చాలు.

ఒక చిక్కు మాత్రం వస్తుంది. బయటి నెట్ లేని వైఫైకి కలిపితే ఫోన్ "దీంట్లో ఇంటర్నెట్ లేదు, కలిసే ఉండాలా" అని అడుగుతుంది. అవును అనాలి. లేదంటే ఫోన్ తనంతట తానే మొబైల్ డాటాకి వెళ్లిపోతుంది, ఫోల్డర్ దొరకదు. మొబైల్ డాటా ఆపేసి చూడటం మంచిది. అన్నీ సరిగ్గా ఉన్నా ఫోల్డర్ కనపడకపోతే రౌటర్లో "ఏపీ ఐసోలేషన్" అనేది ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఉంటే ఒకే వైఫైలో ఉన్నా ఒక మెషిన్‌కి ఇంకో మెషిన్ కనపడదు. అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైలో అయితే ఇది ఎప్పుడూ ఉంటుందనుకోండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక పాఠం వీడియో 300 ఎంబీ ఉందనుకుందాం. మాలో 40 మంది దాన్ని ఎవరి డాటాతో వాళ్లు దించుకుంటే 12 జీబీ. మా దగ్గర ఒక్క కంపెనీ సిగ్నలే సరిగా వస్తుంది, అది కూడా నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే. రాత్రి తొమ్మిదికి ఆ ట్యాంకు చుట్టూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లని చూస్తే ఊరేగింపు అనుకుంటారు. అదే వీడియోని నెట్ బాగున్న రోజు కంప్యూటర్లో ఒక్కసారి దించి ఫోల్డర్లో పెడితే 300 ఎంబీతో సరి. అక్కణ్నుంచి ఫోన్‌కి మా పాత రౌటర్ మీద సెకనుకి మూడు నాలుగు ఎంబీ వస్తోంది. నిమిషంన్నరలో పని అయిపోతుంది. పదిమంది ఒకేసారి లాగితే నెమ్మదిస్తుంది, నిజమే. అయినా ట్యాంకు దగ్గర చలిలో నిలబడటం కన్నా మేలు.

"వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చు కదా, దీనికింత హడావుడి ఎందుకు" అని మా కాలేజీలోనే అడిగారు. వాట్సాప్‌లో పెట్టింది ప్రతి ఒక్కరూ తమ డాటాతోనే దించుకోవాలి. నాలుగు నెలల తర్వాత పరీక్షల ముందు పైకి జరిపి జరిపి వెతికి నొక్కితే ఫైలు రాదు, పంపినవాళ్లని మళ్లీ పంపమంటుంది. పంపినవాళ్లు అప్పటికే చెరిపేసి ఉంటారు. మన సీనియర్లు షేరిట్, జెండర్‌లతో ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకునేవారు. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పుడున్న క్విక్ షేర్ మంచిదే. కానీ ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఎదురెదురుగా ఉండాలి. ఇచ్చేవాడికి మనసుండాలి కూడా. నోట్సు అడిగితే "రేపు ఇస్తా" అని పరీక్ష దాకా తిప్పేవాళ్లు అన్ని హాస్టళ్లలో ఉంటారు. ఫోల్డర్ ఎవరినీ తిప్పదు. మొదటి ఏడాది పిల్లకి, మూడో ఏడాది నాయకుడికి ఒకేలా తెరుచుకుంటుంది. మాకు దీంట్లో బాగా నచ్చింది ఇదే.

ఇక అసలు గొడవకి వద్దాం.

ఆ ఆదివారం తర్వాత మూడు వారాలు ఫోల్డర్ బాగా నడిచింది. తర్వాత గది మళ్లీ ఐదింటికే తాళం. అంతవరకైతే పర్లేదు, కంప్యూటర్ ఆన్‌లో ఉంటే తాళం వేసినా ఫోల్డర్ నడుస్తుంది. కానీ స్విచ్ కూడా కట్టేసి వెళ్తున్నారు. అడిగితే మూడు కారణాలు చెప్పారు. కరెంటు బిల్లు, వైరస్, పిల్లలు సినిమాలు పెట్టుకుంటారు. ఇవే మాటలు మీ దగ్గరా చెప్తారు. అందుకే ఒక్కోదానికి జవాబు రాస్తున్నాం.

కరెంటు. మానిటర్ ఆపేసి పెట్టిన కంప్యూటర్ ఒక పాత సీలింగ్ ఫ్యాన్ లెక్కలో తింటుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా నాలుగు గంటలు చాలని మేమే అంటున్నాం. ఖాళీ వరండాలో రాత్రంతా వెలిగే ట్యూబులైట్ల గురించి ఎవరూ అడగరు, చదువు దగ్గరికొచ్చేసరికి యూనిట్లు గుర్తొస్తాయి.

వైరస్. ఈ భయం ఉత్తది కాదు, దీన్ని మేము తేలిగ్గా తీసుకోం. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లని తాళం వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది పాకింది ఈ ఎస్ఎంబీ పాత రకంలో ఉన్న లోపంలోంచే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి ఆ పాత రకాన్ని, అంటే ఎస్ఎంబీ ఒకటిని, కొత్తగా వేసే మెషిన్లలో మామూలుగా పెట్టడం మానేశారు. ఇప్పటికీ యూట్యూబ్‌లో కొందరు "ఫోన్‌కి ఫోల్డర్ కనపడాలంటే ఎస్ఎంబీ 1.0 టిక్ పెట్టండి" అని చెప్తుంటారు. దయచేసి పెట్టకండి. పైన చెప్పిన యాప్‌లు కొత్త రకంతోనే పనిచేస్తాయి. విండోస్ అప్‌డేట్లు వెయ్యడం, అందరికీ రీడ్ మాత్రమే ఇవ్వడం, పెన్‌డ్రైవ్‌లు ఒక్కరి చేతి మీదుగానే పెట్టడం. ఈ మూడూ పాటిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. నిజానికి ముప్పై మంది ముప్పై పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చడం కన్నా ఇదే క్షేమం.

సినిమాలు. రీడ్ మాత్రమే ఇచ్చిన ఫోల్డర్లో పిల్లలు ఏదీ పెట్టలేరు. ఎవరు పెట్టగలరో ఆ అకౌంట్ విడిగా ఉంటుంది. సినిమా చూడాలనుకున్నవాడు ఎలాగూ ఫోన్లో చూస్తాడు, దానికి ఆఫీసు కంప్యూటర్ అక్కర్లేదు.

ఇవన్నీ చెప్పినా తాళం తియ్యకపోతే అసలు కారణం వేరే. సొంతంగా దేన్నైనా నడుపుకోగలమని మన మీద నమ్మకం లేదు. మనకి ఇచ్చినవి లెక్కలో చూపించడానికి ఉండాలి, చెడిపోకుండా ఉండాలి. వాడితే చెడిపోతాయని భయం. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచడమే దాన్ని కాపాడటం అనుకుంటారు. ఏ తనిఖీకి వచ్చినవాళ్లూ "ఈ కంప్యూటర్ నిన్న ఎంతమంది వాడారు" అని అడగడం మేము చూడలేదు. "ఎన్ని ఉన్నాయి" అనే అడుగుతారు. ఆ ప్రశ్న మారాలి. అడగాల్సింది మనమే.

అందుకే మా మాట: ఫోల్డర్ బాధ్యత పిల్లల చేతికి రావాలి. సారు పక్కన ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ ఏది పెట్టాలి, ఏది తియ్యాలి అన్నది పిల్లలు ఎన్నుకున్న నలుగురు చూడాలి. ఒక్కో ఏడాది నుంచి ఒకరు, నాలుగో మనిషి తప్పకుండా అమ్మాయిల హాస్టల్ నుంచి. మూడో ఏడాది వాళ్లు వెళ్లిపోయే ముందు తమ నోట్సు ఫొటోలు తీసి ఫోల్డర్లో పెట్టి వెళ్లాలని ఒక కట్టుబాటు చేసుకుందాం. ఊళ్లో కొత్త అమావాస్యకి ఇంటికింత అని వేసుకుంటాం కదా, ఇది కూడా అలాంటి వంతే.

ఏది పెట్టకూడదో కూడా గట్టిగా చెప్పాలి. ఆధార్ కాపీలు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు ఆ ఫోల్డర్లో ఉండకూడదు. స్కాలర్‌షిప్ సీజన్లో "అందరివీ ఒక్కచోట ఉంటే అప్లై చేయడం తేలిక" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. వద్దు. ఎనభై మంది తెరవగలిగే చోట మీ ఆధార్ పెడితే, ఎనభై ఒకటో మనిషి దాకా వెళ్లడానికి ఎంతసేపు? అమ్మాయిల ఫొటోలు, హాస్టల్ డే వీడియోలు కూడా వాళ్ల ఒప్పుదల లేకుండా పెట్టకూడదు. ఈ విషయంలో ఒక్కసారి నమ్మకం పోతే ఫోల్డర్‌తో పాటు అమ్మాయిల ఫోన్లు కూడా పోతాయి. ఇంట్లోవాళ్లు, హాస్టల్ వాళ్లు ముందు లాక్కునేది వాళ్ల ఫోనే.

అమ్మాయిల హాస్టల్ సంగతి విడిగా చెప్పాలి. మా దగ్గర అది గ్రౌండ్ అవతల ఉంది. రౌటర్ అబ్బాయిల వైపు ఉంది. సిగ్నల్ అక్కడికి చేరదు. "సాయంత్రం ఆఫీసు వరండాలోకి వచ్చి వాడుకోమనండి" అని ఒక సలహా వచ్చింది. ఏడు తర్వాత గేటు దాటనివ్వని చోట ఆ సలహా ఎందుకు? దీనికి దారి ఉంది. ల్యాన్ కేబుల్ ఒక్క ముక్కగా 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. అంతలోపు దూరమైతే కేబుల్ లాగి అవతల ఇంకో రౌటర్ పెడితే, అదే ఫోల్డర్ అక్కడా తెరుచుకుంటుంది. కేబుల్‌కి, ఒక మామూలు రౌటర్‌కి అయ్యే ఖర్చు హాస్టల్ డే రోజు షామియానాకి అయ్యేదానికన్నా ఎక్కువ కాదు. ఈ కేబుల్ పడేదాకా ఫోల్డర్ అందరిదీ అని మేము అనలేం.

పాత కంప్యూటర్లు చెత్త అనే మాట కూడా వినిపిస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. చాలా హాస్టల్ మెషిన్లు విండోస్ 11కి సరిపోవు. ఆ సాకుతో వాటిని మూలన పడేస్తారు, కొత్తవి వచ్చేదాకా రెండేళ్లు పడుతుంది. పడెయ్యనివ్వకండి. లినక్స్ ఉచితం, పాత మెషిన్ మీద బాగానే నడుస్తుంది. దాంట్లో సాంబా అనే ప్రోగ్రాం ఇదే ఫోల్డర్ పని చేస్తుంది. విండోస్ మామూలు ఎడిషన్లలో ఒకేసారి 20 కనెక్షన్ల వరకే ఒప్పుకుంటారు. సాంబాకి అలాంటి హద్దు లేదు, ఎనభై మంది హాస్టల్‌కి అదే నయం. ఆ సాంబాని 1992 ప్రాంతంలో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ చదువుతున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి. పెద్ద కంపెనీ ఏదీ పూనుకుని చెయ్యలేదు. తన కంప్యూటర్‌కీ ఇంకో రకం కంప్యూటర్‌కీ ఫైళ్లు కలవాలని ఒక స్టూడెంట్ కూర్చుని రాశాడు. దాన్ని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

కరెంటు పోతే ఏంటి అంటారా? రౌటర్లు చాలావరకు 12 వోల్టులవి. వాటికి చిన్న బ్యాటరీ డబ్బాలు దొరుకుతాయి. కంప్యూటర్ బదులు పాత ల్యాప్‌టాప్ పెడితే దాని బ్యాటరీ దానికే ఉంటుంది. మా దగ్గర ఇంకా ఇది అవ్వలేదు.

రౌటరే లేని ఊళ్ల గురించి కూడా ఆలోచించాం. మొన్న వేసవి సెలవుల్లో మాలో ఇద్దరు ల్యాప్‌టాప్ తీసుకుని ఊరెళ్లారు. ఆ ఊళ్లో ఏ సిగ్నలూ లేదు. ఒక ఫోన్లో మొబైల్ డాటా ఆపి, హాట్‌స్పాట్ మాత్రం ఆన్ చేశారు. ల్యాప్‌టాప్‌ని, పిల్లల ఫోన్లని ఆ హాట్‌స్పాట్‌కి కలిపారు. అంతే, రౌటర్ తయారు. ఇంటర్ పిల్లలు ఆరుగురు అరుగు మీద కూర్చుని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, పాత పేపర్లు ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. హాట్‌స్పాట్‌కి ఎనిమిది పది ఫోన్ల కన్నా ఎక్కువ కలవవు, ల్యాప్‌టాప్ నంబర్ ఫోన్ ఫోన్‌కీ మారుతుంది, ప్రతిసారీ చూసుకోవాలి. అయినా ఒక సాయంత్రంలో పని అయిపోయింది. సెలవులకి ఇంటికెళ్లేవాళ్లు చీపుర్లు, పసుపు, పిప్పళ్ల పని ఎలాగూ చేస్తారు. ఒక సాయంత్రం దీనికి కూడా ఇవ్వండి.

ఆ ఊళ్లోనే ఇంకోటి జరిగింది. పుస్తకాలు ఎక్కించడం అయ్యాక ఒక ముసలమ్మ వచ్చి కూర్చుని, మీ డబ్బాలో మా పాటలు ఉన్నాయా అని కువి భాషలో అడిగింది. లేవు. అప్పటికప్పుడు ఫోన్లో నాలుగు పాటలు రికార్డ్ చేశారు, ఆమె ఒప్పుకుంటేనే. అవి ఇప్పుడు మా ఫోల్డర్లో "కువి" అన్న పేరుతో ఉన్నాయి. కొండదొర, పోర్జా, గదబ, ఆదివాసీ ఒడియా పేర్లతో ఖాళీ ఫోల్డర్లు కూడా చేసి పెట్టాం. సిలబస్‌లో లేనివి పెట్టొచ్చా అని ఒకరు అడిగారు. ఆ ఫోల్డర్ మనది కాబట్టే పెట్టగలం. ఇంకెవరి వెబ్‌సైట్‌లో ఆ పేర్లతో గది దొరుకుతుంది?

హాస్టల్ మీటింగుల్లో అడగాల్సినవి మేము కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకుంటున్నాం. సాయంత్రం ఆరు నుంచి పది దాకా కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. ఫోల్డర్ చూసుకునే నలుగురిని పిల్లలే ఎన్నుకోవాలి. అమ్మాయిల హాస్టల్‌కి కేబుల్ పడాలి. ప్రతి సెమిస్టర్ చివర ఫోల్డర్ మొత్తం ఒక హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీసి గది బయట ఇంకోచోట ఉంచాలి, ఎందుకంటే ఒకే కంప్యూటర్లో ఉన్నది ఒకే పిడుగుకి పోతుంది. ఇది మీ హాస్టల్‌కి సరిపోయేలా మార్చుకుని రాసుకోండి. కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వండి. నోటి మాట అయితే "ఎవరూ అడగలేదే" అంటారు. మేము ఇచ్చింది ఇంకా టేబుల్ మీదే ఉంది, వచ్చే నెల మళ్లీ ఇస్తాం.

మా ఫోల్డర్లో బీఎస్సీ మూడో సెమిస్టర్ జువాలజీ పాత పేపర్లు, బీఏ హిస్టరీ తెలుగు మీడియం నోట్సు లేవు. పోర్జా ఫోల్డర్ ఇంకా ఖాళీ. ఎవరి దగ్గరైనా ఉంటే పాడేరు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చివ్వండి. మా దగ్గరున్నవి మీకు ఎక్కించి పంపుతాం.